కథకుడు లేని పటం

తెలుగులో ‘చిత్రం’ అన్న మాట రెండు కాపురాలు చేస్తుంది. గోడ మీది బొమ్మ చిత్రమే, ‘అదేం చిత్రమో!’ అని ముక్కున వేలేసుకుంటే ఆ వింతా చిత్రమే. (సినిమా ఆ తర్వాత వచ్చి మూడో వాటా అడిగింది, దాన్ని పక్కన పెడదాం.) రంగురంగులది, ఆశ్చర్యం గొలిపేది అన్న రెండు అర్థాలూ సంస్కృతంలోనే ఆ మాటలో కలిసి ఉన్నాయి. అయితే ఇవాళ ప్రదర్శనశాలలో కొత్త చిత్రం ముందు నిలబడిన తెలుగువాడి నోట మొదట వచ్చేది వింతపడిన మాట కాదు. ‘ఏమిటిది?’ అంటాడు. జవాబు దొరక్కపోతే ‘ఎంతట?’ అంటాడు. ఆ రెండూ అయ్యాక పక్క బొమ్మకు జరుగుతాడు. ఈ ప్రశ్నల్ని వెక్కిరించడం మన కళావిమర్శకు ఎప్పటినుంచో ఉన్న సరదా. నేను ఆ సరదాలో పాలుపంచుకోను. ‘ఏమిటిది?’ అనే ప్రశ్న అజ్ఞానంలోంచి పుట్టలేదు, బొమ్మలు చూసే ఒక పాత అలవాటులోంచి పుట్టింది. మన కాలపు చిత్రకారుల్ని మనంతట మనం కనుక్కోవడానికీ, వాళ్ళ బొమ్మలకు మనదైన మాట చెప్పడానికీ కావలసిన సామగ్రి ఆ పాత అలవాటులోనే ఉంది. ఈ ప్రసంగంలో నేను నిరూపించదలచుకున్నది ఇంతే.

సంజీవదేవ్‌ను తలుచుకునే వేళ ఈ ప్రశ్న ఎత్తుకోవడానికి కారణం ఉంది. 1914లో పుట్టిన ఆయన, చెప్పుకోదగ్గ పట్టాలేవీ లేకుండా, హిమాలయాలు తిరిగి, కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు నికొలాస్ రోరిక్ దగ్గర గడిపి, వెనక్కి వచ్చి గుంటూరు జిల్లా తుమ్మపూడిలో కూర్చుని, 1999లో కన్నుమూసేదాకా కళల గురించి తెలుగులో రాస్తూ వచ్చారు. తానూ రంగులు పట్టినవారే అయినా ఆయన మనకు ముఖ్యంగా చూసి చెప్పిన మనిషి. చూసి చెప్పడమనే పని కొందరికి మాత్రమే రాసిచ్చిన మాన్యం కాదనడానికి ఒక పల్లెటూరి చిరునామా నుంచి సాగిన ఆ రాత కంటే సాక్ష్యం అక్కర్లేదు. కాని ఒక సంజీవదేవ్ ఉన్నాడు కదా అని మిగతా అందరం ఆయన చెప్పింది విని ఊరుకున్నామా అన్న అనుమానం కూడా నాకుంది. అలా ఊరుకోవడం కూడా ఆ పాత అలవాటులో భాగమే.

ఆ అలవాటు ఏమిటో చెబుతాను. చేర్యాల నకాషీలు వేసే పటాన్ని తీసుకోండి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూతగా పట్టించి, దాని మీద ఎర్రటి నేల పరిచి, అరలు అరలుగా కథ వేసుకుంటూ పోతారు. వెడల్పు మూడడుగుల దాకా ఉంటుంది, పొడవు కథను బట్టి ఎన్ని గజాలైనా సాగుతుంది. వేసేది నకాషీ, వేయించుకునేది కథకుడు. పద్మశాలీలకు కథ చెప్పే కూనపులివారు, గొల్లలకు చెప్పే మందహెచ్చులవారు, ముదిరాజులకు చెప్పే కాకిపడగలవారు, ఇలా ఒక్కో కులానికి ఒక్కో ఆశ్రిత కథకుల వర్గం, ఒక్కో పటం. కథకుడు అర తర్వాత అర విప్పుతూ, కర్రతో చూపిస్తూ, పాడతాడు. జనం ఆ కర్ర కొన ఎక్కడుంటే అక్కడ చూస్తారు. దక్షిణాన శ్రీకాళహస్తి కలంకారీలో కథకుడు మనిషిగా లేడు గాని అక్షరాలుగా ఉన్నాడు. బొమ్మల వరుసల పొడుగునా ఇది ఫలానా ఘట్టమని తెలుగులోనే రాసి ఉంటుంది. అంటే మన దగ్గర బొమ్మ ఒంటరిగా తిరిగింది తక్కువ. ఎప్పుడూ దాని పక్కన ఒక గొంతు ఉండేది. ‘ఏమిటిది?’ అని అడిగేవాడు ఆ గొంతును వెతుకుతున్నాడు. గొంతు వినిపించక తడబడుతున్నాడు.

ఆధునిక యుగం వచ్చాక కూడా ఆ గొంతు వెంటనే పోలేదు, అచ్చులోకి మారింది. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే, మశూచికంతో చనిపోయే నాటికి తెలుగు పత్రికలు రంగుల చిత్రాలు అచ్చువేసే దశకు వచ్చాయి. అంతకు ముందటేడే మొదలైన ‘భారతి’ చిత్రాలకు చోటిచ్చింది. ఆ తర్వాత చందమామ అట్టలూ లోపలి బొమ్మలూ, ‘యువ’ ముఖచిత్రాల మీద వడ్డాది పాపయ్య మెరుపుల స్త్రీలూ, వారపత్రికల కథల పక్కన బాపు గీతా, ఇవే మూడు తరాల తెలుగువాళ్ళకు కన్ను నేర్పిన బడులు. ఏ ప్రదర్శనశాలా ఇంతమందికి ఇంత నేర్పలేదు. బాపు గీత చూసి చూసి, ఒక్క వంపులో నడుమూ, ఒక్క చుక్కలో చూపూ పోల్చుకునే నేర్పు మనకు ఎంత సహజంగా అబ్బిందంటే అదొక నేర్పని కూడా మరిచిపోయాం. కాని గమనించండి: ఇక్కడా బొమ్మ కథ పక్కనే పుట్టింది. పైన శీర్షిక, కింద మాటలు, పక్కన పేరా. చేర్యాల కథకుడి కర్ర పోయి సంపాదకుడి పేజీ అమరిక వచ్చింది, అంతే తేడా.

గొంతు నిజంగా ఆగిపోయింది 1960ల తర్వాత. హైదరాబాద్ కళాశాలలో చదివి బరోడా వెళ్ళి కె.జి. సుబ్రమణ్యన్ లాంటి గురువు దగ్గర పనిచేసి వచ్చిన కె. లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం తరం వేసిన బొమ్మల పక్కన కథ లేదు. పల్లె ఉంది, మనుషులున్నారు, మేకలున్నాయి, చెట్లున్నాయి. ‘అనగనగా’ మాత్రం లేదు. చాలా వాటికి పేరు కూడా లేదు. బొమ్మ పక్కన చీటీ మీద ‘శీర్షిక లేదు’ అని రాసి, కొలతలూ సంవత్సరమూ ఇస్తారు. పటం విప్పారు, కర్ర అక్కడే పెట్టారు, కథకుడు వెళ్ళిపోయాడు. మిగిలిన కర్ర ఎవరు పట్టుకోవాలి? చూసేవాడే పట్టుకోవాలంటాను. చూసేవాడు బొమ్మకు సొంతంగా చెప్పే మాటను ‘స్వీయ ప్రతిస్పందన’ అని బరువుగా పిలుస్తారు; అది, నా దృష్టిలో, ఖాళీ అయిన ఆ కథకుడి ఉద్యోగమే. అది సరదా కాదు, విలాసం అసలే కాదు. ఎవరో ఒకరు చెయ్యకపోతే బొమ్మ అక్కడ ఉన్నా లేనట్టే.

ఈ మాటకు అనుకూలంగానూ వ్యతిరేకంగానూ పనికొచ్చే ఒక ఘటన మన నేల మీదే జరిగింది. సోషలిస్టు నాయకుడు రామ్ మనోహర్ లోహియా ప్రోత్సాహంతో ఎం.ఎఫ్. హుసేన్ రామాయణ చిత్రాలు వేశారు. హైదరాబాద్‌లో కళాపోషకుడు బద్రీవిశాల్ పిత్తీ అండ ఆ పనికి ఉంది. ఆ బొమ్మల్ని ఎడ్లబండ్ల మీద హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెలకు తీసుకెళ్ళి పరిచి చూపించారు. పల్లె జనం ప్రశ్నలే వెయ్యలేదనీ, అదే పట్నమైతే ‘కన్నేదీ, ఇతను రాముడని ఎట్లా అంటావు’ అని అడిగేవారనీ హుసేన్ తర్వాతి రోజుల్లో చెప్పారు. దీన్ని పల్లెవాళ్ళ అమాయకత్వానికీ స్వచ్ఛతకూ ఉదాహరణగా చెప్పుకోవడం పరిపాటి. నాకు ఆ వివరణ నచ్చదు. పల్లెవాళ్ళు అమాయకులు కావడం వల్ల ఊరుకోలేదు, అక్కడ కథకులు వాళ్ళే కావడం వల్ల ఊరుకున్నారు. రామాయణం వాళ్ళ నోట ఉంది. తోలుబొమ్మలాటలో రాముడికి ఎన్ని కళ్ళు కనిపిస్తాయో, ఏ పక్కకు తిరిగి ఉంటాడో వాళ్ళు ఎరుగుదురు. గీత ఎంత విరిగినా ఆ విరుపును కథతో పూడ్చుకోగల శక్తి వాళ్ళకుంది. పట్నంవాడికి ఆ కథ ఉన్నా దాన్ని బొమ్మ ముందు విప్పే ధైర్యం లేదు. తను చెప్పేది తప్పవుతుందేమోనని జంకి, చిత్రకారుణ్ణే కథకుడిగా నిలబెట్టి సంజాయిషీ అడుగుతాడు.

ఇక్కడే గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. రాముడి కథ తెలుసు గనుక పల్లెవాడు పూడ్చుకున్నాడు సరే, తెలిసిన కథే లేని బొమ్మ ముందు చూసేవాడు ఏం చెబుతాడు? తోచింది చెబుతాడు. ఒకడు అందులో ఏనుగును చూస్తాడు, ఇంకొకడు తన చిన్ననాటి దుఃఖాన్ని చూస్తాడు. ఇద్దరూ రైటేనా? అయితే అది బొమ్మను చూడటమా, మబ్బుల్లో ఆకారాలు వెతకడమా? ఈ అభ్యంతరం న్యాయమైనదే. జవాబు మళ్ళీ పటం దగ్గరే ఉంది. పటం కథకుడు తోచింది పాడేవాడు కాదు. గొంతు అతనిది, ఊపు అతనిది, ఆ రాత్రి ఎక్కడ సాగదీయాలో ఎక్కడ తుంచాలో అతని ఇష్టం. కాని కర్ర కొన ఎప్పుడూ ఏదో ఒక బొమ్మ మీద ఆనాలి. పటంలో లేనిదాన్ని కర్రతో చూపించలేడు. ఎదురుగా కూర్చున్న వందమందీ పటాన్ని చూస్తున్నారు. సొంతమాట చెప్పడానికి నేను పెట్టే షరతు కూడా ఇదే: ఏం చెప్పినా చెప్పు, కర్ర పెట్టి చూపించు. ‘నాకు దిగులేసింది’ అన్నావు. మంచిది, ఎక్కడ? ఏ రంగు దగ్గర, ఏ ఖాళీ దగ్గర? చూపించగలిగితే ఆ దిగులు నీ ఒక్కడిది కాదు, బొమ్మలోనూ ఉంది. చూపించలేకపోతే అది నువ్వు ఇంటినుంచి తెచ్చుకున్నది. రెంటికీ తేడా తెలియడమే చూడటంలో సగం చదువు.

ఈ షరతును అందరికీ తెలిసిన చిత్రకారుడి మీద పరీక్షించి చూద్దాం. తోట వైకుంఠం 1942లో ఒకప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. ఆయన తెలంగాణ స్త్రీల బొమ్మలు తెలుగు ఇళ్ళల్లో ఎంత పాతుకుపోయాయంటే, చూడకముందే వాటి గురించి మాట సిద్ధంగా ఉంటుంది: ‘తెలంగాణ పల్లె జీవితాన్ని కళ్ళకు కట్టారు.’ కర్ర పెట్టి చూపించమనండి. ఆ బొమ్మల్లో చాలావాటిలో పల్లె ఎక్కడుంది? ఇల్లు లేదు, చెట్టు లేదు, పొలం లేదు, నేల కూడా లేదు. వెనక ఒకే రంగు పరిచి ఉంది. నిండుగా ఒకరో ఇద్దరో స్త్రీలు, అంచునుంచి అంచుదాకా. చామనఛాయ దాటిన నల్లని ఒళ్ళు, నుదుట రూపాయంత బొట్టు, ముక్కున బేసరి, మిరపపండు ఎరుపు, పసుపు, కుంకుమ రంగు చీరలు. భుజం మీద చిలక. ఒళ్ళు గుండ్రంగా ఉంది గాని బరువుతో కుంగదు. చీర మడతలు ఒంటి వంపుల్ని అనుసరించవు. బల్లపరుపుగా, రంగుల పలకల్లా ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి. చేతులు పనిలో లేవు, భంగిమలో ఉన్నాయి. ఇది పల్లెలో నాట్లు వేస్తున్న మనిషి కాదు, అలంకరించుకుని అరుగు ఎక్కిన మనిషి. చిన్నప్పుడు తమ ఊరికొచ్చే నాటక బృందాల్లో ఆడవేషం కట్టే మగనటుల్ని చూసి మురిసిపోయేవాణ్ణని వైకుంఠం చెప్పుకున్నారు. ఆ మాట తెలిసి బొమ్మ చూస్తే వేషపు బిగువు వెంటనే కనబడుతుంది. నా వాదానికి ముఖ్యమైనది మాత్రం వేరే ఉంది. ఆ మాట తెలియకపోయినా కర్ర అక్కడికే చేరేది. ‘ఈ ఆడవాళ్ళు రంగస్థలం మీద ఉన్నట్టున్నారేమిటి?’ అని ఒక కొత్తవాడు అనగలడు. అందరూ అన్న ‘పల్లె జీవితం’ కన్నా ఆ ఒక్కడి మాట బొమ్మకు దగ్గర. (ఇదే మనిషి ‘మాభూమి’, ‘దాసి’ సినిమాలకు కళాదర్శకత్వం చేసి, ‘దాసి’కి జాతీయ పురస్కారం పొందారు. దొరల గడి లోపలి ప్రతి గిన్నే ప్రతి గుడ్డా ఎలా ఉండాలో తెలిసిన మనిషి, తన చిత్రాల్లో ఆ సామానంతా తీసేశారంటే అది చేతకాక కాదు.)

పక్కనే ఇంకొకరిని నిలబెడితే చూపు మరింత పదునెక్కుతుంది. సూర్యాపేటలో పుట్టి విశాఖలో పనిచేసిన జి. రవీందర్ రెడ్డి చిత్రకారుడు కాదు, శిల్పి. కాని ఆయన శిల్పాలు రంగు పూసుకున్నవి. మనిషెత్తు దాటిన స్త్రీ తలలు, బంగారు పూత, కనకాంబరాలో మల్లెలో చుట్టిన కొప్పు, రెప్ప వాల్చని పెద్ద కళ్ళు. వైకుంఠం స్త్రీలు ఎక్కువగా ఓరగానో, ఒకరినొకరో, చిలకనో చూస్తారు. మనం వాళ్ళను చూసుకోవచ్చు. రవీందర్ రెడ్డి స్త్రీ మనల్ని చూస్తుంది. అమ్మవారి కళ్ళకూ, సంతలో ఎదురుపడ్డ మనిషి కళ్ళకూ మధ్య ఎక్కడో ఉన్న ఆ చూపు ముందు సౌందర్యం గురించి మాట్లాడటం కష్టం. ఇద్దరి సామగ్రీ ఒకటే: తెలుగు స్త్రీ, బొట్టు, కొప్పు, ముదురు రంగులు. ఒకచోట చూసేవాడు నిశ్చింతగా ఉంటాడు, ఇంకోచోట ఇబ్బంది పడతాడు. ఈ తేడా పుస్తకంలో చదివి తెలుసుకోవలసింది కాదు, రెండు నిమిషాలు నిలబడితే ఒంటికి తెలిసిపోయేది.

ఇబ్బంది అన్నాను గనుక లక్ష్మాగౌడ్ దగ్గరకు రావాలి. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన ఆయన తొలినాళ్ళ రేఖాచిత్రాల్లో, ఎచింగుల్లో స్త్రీ పురుషులూ, మేకలూ, చెట్లూ ఒకరిలోంచి ఒకరు మొలుస్తారు. కామం దాపరికం లేకుండా ఉంటుంది. వీటి ముందు చదువుకున్న ప్రేక్షకుడు రెండు రకాలుగా తప్పించుకుంటాడు. ఒకడు అశ్లీలమని ముఖం తిప్పుకుంటాడు. రెండోవాడు సర్రియలిజమనో ఆదిమ శక్తి అనో ఒక పెద్దమాట కప్పి, తనకేమీ కాలేదన్నట్టు నిలబడతాడు. రెండోది మర్యాదగా కనిపిస్తుంది గాని మొదటిదానికన్నా నిజాయితీ తక్కువది. సిగ్గు వేస్తే ఆ సిగ్గునే కర్రగా పట్టుకోవచ్చు కదా: ఈ బొమ్మలో సిగ్గుపడుతున్నవాళ్ళు ఎవరు? మేక కాదు, ఆ స్త్రీ కాదు, ఆ పురుషుడూ కాదు. పశువుల చూలూ ఈతా వాకిట్లోనే చూసి పెరిగే ఊళ్ళో అది వార్తే కాదు. సిగ్గు బొమ్మ ఇవతల ఉంది. ఈ సంగతి కనిపెట్టిన చూపరి తన గురించి ఒకటీ బొమ్మ గురించి ఒకటీ, రెండు నిజాలు ఒకేసారి చెప్పినట్టు.

ఇంతవరకూ నేను చదువు లేని చూపును సమర్థిస్తున్నట్టు వినిపించి ఉంటుంది. ఆ అపార్థాన్ని ఇక్కడే సరిచేయాలి, ఎందుకంటే తెలిసినవాళ్ళ అభ్యంతరం గట్టిది: పద్ధతి తెలియకుండా ఎచింగ్ చూడటం రాగం తెలియకుండా కచేరీ వినడం లాంటిదంటారు. ఒప్పుకుంటాను, ఒక సవరణతో. ఎచింగ్‌లో జింకు రేకు మీద మైనపు పూత వేసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచుతారు. గీసినచోట యాసిడ్ రేకును తింటుంది. ఎంతసేపు ఉంచితే అంత లోతు, అంత నలుపు. ఆ లోతుల్లో సిరా నింపి, పైన తుడిచి, తడి కాగితం పరిచి, బరువైన రోలర్ల మధ్య నొక్కితే బొమ్మ తిరగబడి అచ్చవుతుంది. ఇది తెలిసినవాడికి లక్ష్మాగౌడ్ గీత వేరుగా కనిపిస్తుంది: పెన్సిల్ గీతలా కాగితం మీద కూర్చోదు, చర్మం మీద పచ్చబొట్టులా లోపలికి దిగి ఉంటుంది. నలుపులు పూసినవి కావు, తినబడినవి. కాని చూడండి, ఈ జ్ఞానం విలువైంది అయ్యేది ‘ఈ గీత ఎందుకిలా గరగరలాడుతోంది?’ అని కన్ను ముందే అడిగినప్పుడు. అడగని కన్నుకు యాసిడ్ సంగతి చెబితే అది ఇంకొక సమాచారం, మరుసటి రోజుకు మరిచిపోయేది. కచేరీ పోలికే తీసుకుంటే, ‘ఇదేం రాగం?’ అని పక్కవాణ్ణి అడిగించేది ముందు చెవికి తగిలిన ఏదో ఒక మెలిక. చదువు వద్దనడం లేదు. దాని వంతు రెండోది అంటున్నాను.

మరొక అభ్యంతరం మన సాటి రచయితలదే. తెలుగులో చిత్రకళ గురించి మాట్లాడటానికి మాటల్లేవు, ఉన్నవన్నీ సంస్కృతం నుంచి బరువుగా దిగుమతి అయినవో, ఇంగ్లీషు నుంచి నలిగి వచ్చినవో అంటారు. వ్యాసాలు చదివితే అలాగే ఉంటుంది. కాని చీరల కొట్టుకు వెళ్ళి ఒక్క గంట కూర్చోండి. వంగపండు రంగు, మామిడి చిగురు, చిలకపచ్చ, నెమలికంఠం, ఉల్లిపొర రంగు, కనకాంబరం, ఇటుక రంగు, గంధం. ‘ఈ అంచు ఒంటిని మింగేస్తోంది’, ‘ఇది కాస్త వెలిసినట్టుంది, ముదురు చూపించు’, ‘రెండూ కొట్టుకుంటున్నాయి’. ఒక రంగు పక్క రంగును ఏం చేస్తుందో ఇంత కచ్చితంగా చెప్పే భాష నాకు ఏ కళావిమర్శ గ్రంథంలోనూ కనిపించలేదు. నేతగాడి దగ్గర పడుగూ పేకా ఉన్నాయి, ముగ్గేసే చేతి దగ్గర చుక్కా మెలికా ఉన్నాయి, గోడకు సున్నం వేసేవాడి దగ్గర పూతా పలచనా చిక్కనా ఉన్నాయి, రైతు దగ్గర చాలు ఉంది. మనకు ‘పచ్చ’ అన్న మాటలో పసుపూ ఆకుపచ్చా రెండూ ఇమడటం లోపమని కొందరనుకుంటారు. పండబోతున్న వరిచేను రంగును చెప్పాల్సి వచ్చినప్పుడు అదెంత వరమో తెలుస్తుంది. వైకుంఠం చీరల గురించి తెలుగు ఇల్లాలు చెప్పగలిగినంత సూక్ష్మంగా చెప్పలేకపోతే ఆ విమర్శకుడు తన సామగ్రి మార్చుకోవాలి. మాటలు లేవన్నది నిజం కాదు. ఆ మాటల్ని ప్రదర్శనశాల గుమ్మం బయట చెప్పులతో పాటు వదిలి వస్తున్నామన్నది నిజం.

ఇక మనిషీ చెట్టూ చీరా ఏదీ లేని బొమ్మ. అక్కడ కర్ర ఎక్కడ పెట్టాలి? వి.ఎస్. గాయ్‌తోండే (1924–2001) వేసిన పెద్ద కాన్వాసులు ఇందుకు కష్టమైన పరీక్ష. ఆయన చాలా తక్కువ వేసేవారు. రోలరుతో, కత్తితో రంగు పొర మీద పొర వేస్తూ, గీకుతూ, ఏడాదికి కొద్ది చిత్రాలే పూర్తిచేసేవారు. వాటిలో వస్తువు లేదు, కథ లేదు. అయినా చూసేవాడి కన్ను వాటి మీద ఊరికే ఉండదు. ఒక లేత వెలుగు దగ్గర ఆగుతుంది, అక్కడినుంచి జారుతుంది, ఏదో తేలుతున్నట్టుంటే దాన్ని పట్టుకోబోతుంది, అది లోపలికి పోతుంది. ఈ ప్రయాణమే అక్కడి కథ. కర్ర చూపించాల్సింది వస్తువును కాదు, కన్ను నడిచిన దారిని. ‘ముందు ఇక్కడ పడింది నా చూపు, తర్వాత ఇటు లాగింది, ఇక్కడ తప్పిపోయింది’ అని ఇద్దరు మనుషులు చెప్పుకుంటే, వాళ్ళ దారులు చాలాచోట్ల కలుస్తాయి, కొన్నిచోట్ల విడిపోతాయి. కలిసినచోట చిత్రకారుడి పని ఉంది. విడిపోయినచోట మనుషులున్నారు. నైరూప్య చిత్రం ముందు ఎవరికి తోచింది వారు చెప్పుకోవచ్చుననే మాట ఎంత తప్పో, అది ఎవరికీ అందదనే మాటా అంతే తప్పు.

ధర గురించి ఎవరో ఒకరు అడగక మానరు; చప్పున చెప్పేస్తాను. 1954లో హుసేన్ వేసిన ‘గ్రామ యాత్ర’ దాదాపు పద్నాలుగడుగుల పొడవున పదమూడు పల్లె దృశ్యాలుగా సాగుతుంది. చేర్యాల పటానికి దూరపు చుట్టమనవచ్చు. అది నార్వేలో ఓస్లోలోని ఒక ఆసుపత్రికి చేరి, దశాబ్దాల పాటు అక్కడే ఉండి, 2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో కోటీ ముప్పైఏడు లక్షల డాలర్లు దాటి పలికింది. అంతకుముందు వేలాల్లో అన్నిటికన్నా ఎక్కువ ధర పలికిన భారతీయ చిత్రం అమృతా షేర్‌గిల్ 1937లో వేసినది, 2023లో 61.8 కోట్ల రూపాయలకు అమ్ముడైంది. దాని పేరు ‘కథకుడు’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట కావడం నాకు కాస్త నవ్వు తెప్పించింది. వేలానికి ముందురోజూ మర్నాడూ ‘గ్రామ యాత్ర’ మీద రంగు ఒకటే. ఆసుపత్రిలో దాని పక్కనుంచి నడిచిపోయినవాళ్ళు ధర తెలియక చూడలేదంటే, ఇప్పుడు చూసేవాళ్ళు ధర తెలిసి చూడలేకపోవచ్చు. అంకె కూడా ఒక కథకుడే, చాలా పెద్ద గొంతున్న కథకుడు. అతను పాడుతుంటే ఇంకెవరి మాటా వినబడదు.

అసలు కష్టం ధర దగ్గర లేదు, చూసే చోట్ల దగ్గర ఉంది. జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల ఢిల్లీలో 1954 నుంచి ఉంది, తర్వాత ముంబయికి, బెంగళూరుకు వచ్చింది, హైదరాబాద్‌కు రాలేదు. మాదాపూర్‌లో రాష్ట్ర ఆర్ట్ గ్యాలరీ ఉంది, బంజారాహిల్స్ వైపు ప్రైవేటు గ్యాలరీలున్నాయి, రాజమండ్రిలో దామెర్ల పేర చిత్రశాల ఉంది. ఇవి కాక అత్యధికులకు సమకాలీన చిత్రకారుడు తారసపడేది ఫోను తెర మీద. అది తక్కువ చూపని చులకన చెయ్యలేను. ఒకప్పుడు ‘భారతి’ రంగుల పేజీ చేసిన పనే ఇది చేస్తోంది, ఇంకా ఎక్కువమందికి. కనుక్కోవడానికి ఫోను చాలు. మాట చెప్పడానికి చాలదు. అరచేతిలో లక్ష్మాగౌడ్ చిన్న ఎచింగూ, పద్నాలుగడుగుల హుసేనూ ఒకే కొలతలోకి కుదించుకుపోతాయి. ఒకటి మనల్ని దగ్గరకు వంగమంటుంది, రెండోది నాలుగడుగులు వెనక్కి వేయమంటుంది. తెర మీద రెండూ బొటనవేలు కిందకి వస్తాయి. ఒళ్ళు కదలకుండా చూసిన బొమ్మ గురించి ఒంటితో చెప్పే మాట రాదు. ఫోనులో కనుక్కున్న చిత్రకారుణ్ణి ఒక్కసారైనా గోడ మీద చూడటానికి బస్సెక్కడం ఆ తెరకు మనం చెల్లించాల్సిన టిక్కెట్టు.

పటం మాట ఎత్తాను గనుక దాని ప్రస్తుత స్థితి చెప్పకపోతే న్యాయం కాదు. కథ చెప్పించుకునే కులాలు తగ్గాయి, కథకులు తగ్గారు, గజాల కొద్దీ పటం వేయించుకునేవాళ్ళు ఇంకా తగ్గారు. వెనకటి రోజుల్లో జీర్ణమైన పటానికి కర్మ చేసి నదిలో కలిపేవారు. ఇప్పుడు పాత పటాలు మ్యూజియం అద్దాల వెనక సగం విప్పి ఉన్నాయి. చేర్యాల నకాషీలు ఎక్కువగా వేస్తున్నది ముసుగు బొమ్మలు, గోడకు తగిలించుకునే చిన్న చిత్రాలు. హస్తకళల దుకాణంలో కొని పట్నం ఇంటి హాల్లో సోఫా పైన తగిలించిన అలాంటి బొమ్మ ఒకటి ఊహించుకోండి. కథలోంచి ఒక్క అర తెగి వచ్చింది. ఎర్రని నేల మీద ఒక ఆవు, ఇద్దరు మనుషులు. ఒకడి చెయ్యి పైకెత్తి ఉంది. ఎవరిని పిలుస్తున్నాడో, ఎవరిని ఆపుతున్నాడో ఫ్రేము లోపల లేదు.